మోటార్ లేని విమానం

"రెడీమేడ్‌గా దొరుకుతుంటే ఇదంతా ఎందుకు?"

ఈ నాలుగు నెలల్లో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. ఆఫీసులో అడిగారు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అడిగారు, ఆఖరికి డబ్బా తెచ్చిచ్చిన కొరియర్ కుర్రాడు కూడా అడిగాడు. న్యాయమైన ప్రశ్నే లెండి. ఫోమ్‌తో చేసిన గ్లైడర్లు బోలెడు దొరుకుతున్నాయి. డబ్బా విప్పి, రెక్కలు తగిలించి, బ్యాటరీ ఛార్జ్ చేస్తే గంటలో ఎగరేయొచ్చు. కొన్నిటి లోపల గైరో కూడా ఉంటుంది, మనం కంగారుపడి స్టిక్కు వదిలేసినా అదే సర్దుకుంటుంది. నేను కొన్నది అది కాదు. ఒక చదునైన అట్టపెట్టె, అందులో లేజర్‌తో కత్తిరించిన బాల్సా చెక్క పలకలు, చాప అంత ప్లాను కాగితం, కాసిని పుల్లలు, తీగముక్కలు. రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు మీటర్లు. మోటార్ లేదు.

ఎగరేయడం నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే ఫోమే కొనండి. ఇది మనస్ఫూర్తిగా చెప్తున్న మాట. పడితే పగలదు, పగిలినా జిగురుతో పోతుంది, ఒక్క నెలలో చెయ్యి తిరుగుతుంది. చెక్క కిట్ కొనడానికి కారణం వేరు, దాన్ని చెప్పడానికి కాస్త చుట్టు తిరిగి రావాలి.

ముందు ఈ మోటార్ సంగతి. "మోటార్ లేకపోతే ఎలా ఎగురుతుంది?" అని అడిగిన ప్రతివాళ్ళకీ నేను 1983 కథ చెప్తూ వచ్చాను. ఆ ఏడాది జూలై 23న మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్తున్న ఒక బోయింగ్ 767లో 41 వేల అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. లీటర్లని బరువులోకి మార్చేటప్పుడు కిలోలకి బదులు పౌండ్ల లెక్క వాడారు. 0.8కి బదులు 1.77. యూనిట్ టెస్టు రాయని ఖరీదు అన్నమాట :-) రెండు ఇంజన్లూ ఆగిపోయాక కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ దాన్ని గ్లైడర్‌లాగా దించుకుంటూ తీసుకెళ్ళి గిమ్లీ అనే పాత వైమానిక స్థావరం రన్‌వే మీద ఆనించాడు. ఎవరూ చనిపోలేదు. ఆయనకి గ్లైడర్లు నడిపే అలవాటు ఉంది. అంటే రెక్క ఉన్న ప్రతిదీ మోటార్ లేకుండా కూడా ఎగురుతుంది, కాకపోతే కిందికి ఎగురుతుంది. ఎంత నిదానంగా కిందికి వస్తుందన్నదే అసలు విద్య.

రైట్ సోదరులు చేసింది కూడా ఇదే. 1900, 1901, 1902.. మూడేళ్ళూ గ్లైడర్లే కట్టారు. 1901లో కట్టినది పుస్తకాల్లోని లెక్కల ప్రకారం రావాల్సినంత లిఫ్ట్ ఇవ్వకపోతే, ఆ లెక్కల మీద అనుమానం వచ్చి, సొంతంగా ఒక గాలిపెట్టె చేసుకుని రెక్కల ఆకారాలని ఒక్కొక్కటిగా కొలిచారు. 1902 గ్లైడర్‌ని వందలసార్లు ఎగరేసి, అది చెప్పినమాట వింటుందని తేలాకే ఇంజన్ జోలికి పోయారు. ఆ ఇంజన్ కూడా 12 గుర్రాల పాటిది. అదే సమయంలో శామ్యూల్ లాంగ్లీ దగ్గర 50 గుర్రాలు దాటిన ఇంజనూ, ప్రభుత్వం ఇచ్చిన డబ్బూ ఉన్నాయి. 1903 డిసెంబర్ 8న ఆయన విమానం రెండోసారి పోటోమాక్ నదిలో పడింది. తొమ్మిది రోజుల తర్వాత, 17న, వీళ్ళు ఎగిరారు. ఫ్రేమ్‌వర్క్ ముందు కొనేసి రిక్వైర్‌మెంట్స్ తర్వాత వెతుక్కునే ప్రాజెక్టులు మీరూ చూసే ఉంటారు.

సరే, చెక్క దగ్గరికొద్దాం. బాల్సా ఎంత తేలికంటే, పెట్టె చేతికి రాగానే ఖాళీ పెట్టె పంపారేమో అనిపిస్తుంది. విచిత్రమేమిటంటే వృక్షశాస్త్రం ప్రకారం అది హార్డ్‌వుడ్. ప్రపంచంలో వాడే బాల్సాలో ఎక్కువభాగం ఈక్వడార్ నుంచే వస్తుంది. చెట్టు అయిదారేళ్ళకే కోతకి వస్తుంది. 2020 ప్రాంతంలో గాలిమరల రెక్కల లోపల నింపడానికి బాల్సాకి ఒక్కసారిగా గిరాకీ పెరిగి బొమ్మ విమానాలవాళ్ళకి చెక్క దొరక్క, దొరికినా ధర మండిపోయి నానా తిప్పలయ్యాయి. ఒక రెక్క కోసం ఇంకో రెక్క.

ఒకే కిట్‌లోని పలకలు కూడా ఒకేలా ఉండవు. కొన్ని మెత్తగా, కొన్ని బిరుసుగా ఉంటాయి. కుడి రెక్కకి బరువైన పుల్లలు, ఎడమ రెక్కకి తేలికైనవి పడితే విమానం జీవితాంతం ఒక పక్కకే ఒరుగుతుంది. అందుకని మొదటి ఆదివారమంతా వంటింటి త్రాసు పెట్టుకుని పుల్లల్ని గ్రాముల్లో తూచి జతలు కట్టాను. అప్పుడే తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అమ్మ ఇది చూసి, "ఏందమ్మాయ్, బంగారం తూచినట్టు తూస్తన్నావు?" అంది.

రెక్క గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే గ్లైడర్ అంటే రెక్కే. మిగతాదంతా దానికి తోక, ముక్కు. ప్లానుని బల్ల మీద పరిచి, పైన పల్చటి పాలిథీన్ వేసి (లేకపోతే ప్లానుతో సహా అతుక్కుంటుంది), దాని మీద పుల్లల్ని గుండుసూదులతో నిలబెట్టి కడతారు. ఆ బల్ల ఎంత చదునుగా ఉంటే రెక్క అంత చదునుగా వస్తుంది. నేను కార్పెంటర్ దగ్గర మిగిలిపోయిన ఫ్లష్ డోర్ ముక్క తెచ్చి, దాని మీద సూదులు దిగేలా సాఫ్ట్‌బోర్డు వేసుకున్నాను.

రెక్క పొడవునా కింద ఒకటి, పైన ఒకటి రెండు సన్నటి వాసాలుంటాయి, వీటినే స్పార్ అంటారు. గాలి రెక్కని పైకి వంచాలని చూసినప్పుడు పై వాసం నలుగుతుంది, కింది వాసం సాగుతుంది. విడివిడిగా అవి రెండూ అగ్గిపుల్లలే. వాటి మధ్య రిబ్బుకీ రిబ్బుకీ నడుమ పల్చటి బాల్సా పలకలు అతికిస్తే, రెండూ కలిసి ఒక దూలం అవుతాయి. ఆ పలకల పీచు నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే ఉండీ లేనట్టే. ఫ్లైఓవర్ కింద కనిపించే ఇనప దూలాల లెక్క ఇదే. నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఐ సెక్షన్ బొమ్మ ఎన్నిసార్లు గీసి మార్కులు తెచ్చుకున్నానో! పలకలు పెట్టకముందు రెక్కని రెండు చేతుల్తో మెలిపెట్టి చూసి, పెట్టాక మళ్ళీ మెలిపెట్టి చూసినప్పుడు గానీ ఆ బొమ్మ ఎందుకు గీయించారో అర్థం కాలేదు.

ఇంకో తమాషా. ఈ రెక్కకి ఐలెరాన్లు లేవు, అంటే రెక్కని ఒరగేసే పలకలు లేవు. రెండే కంట్రోళ్ళు, ముక్కు ఎత్తి దించే ఎలివేటర్, ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్. మరి మలుపులో ఒరిగేది ఎలా? రెక్క కొసలు పైకి లేచి ఉంటాయి. రడ్డర్ ఎడమకి కొడితే ముక్కు ఎడమకి తిరుగుతుంది, కుడి రెక్క ముందుకొస్తుంది. కొస పైకి వంగి ఉంది కాబట్టి ముందుకొచ్చిన రెక్కకి గాలి కాస్త కింద నుంచి తగిలి అది లేస్తుంది, వెనక్కి పోయిన రెక్క దిగుతుంది. విమానం దానంతటదే ఎడమకి ఒరుగుతుంది. రడ్డర్ వదిలేస్తే కిందికి జారిన వైపు రెక్కకి గాలి ఎక్కువ తగిలి మళ్ళీ సమానమవుతుంది. సెన్సర్ లేదు, కోడు లేదు, ఆకారంలోనే ఉంది ఆ తెలివంతా. పాతకాలంలో కార్ల్ గోల్డ్‌బెర్గ్ కంపెనీ 'జెంటిల్ లేడీ' అని ఒక రెండు మీటర్ల గ్లైడర్ కిట్ అమ్మేది. రెండే చానెళ్ళతో అది ఎంతోమందికి ఎగరేయడం నేర్పింది. నాదీ ఆ వంశమే.

జిగుర్ల గురించి మన కిరాణా కొట్టు భాషలో చెప్తాను. ఫెవిక్విక్ సైనోయాక్రిలేట్. గాలిలో తేమ తగిలితే క్షణాల్లో గడ్డకడుతుంది, కిటికీ తీయకపోతే కళ్ళు మండిపోతాయి. ఫెవికాల్ నిదానం. అరాల్డైట్ బరువు, కాబట్టి రెక్క రెండు సగాలూ కలిసే చోట, ప్లైవుడ్ పట్టీ మీద మాత్రమే. అక్కడ విరిగితే రెక్క రెండవుతుంది. మిగతా చోట్ల ఎంత తక్కువ జిగురుంటే అంత మంచిది. ఎక్కువ జిగురు పెడితే గట్టిగా ఉంటుందనుకోవడం ఒట్టి భ్రమ.

ఫిబ్రవరి ఆఖరుకి అస్థిపంజరం తయారైంది. దాన్ని హాల్లో ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే గోడ మీద నీడ పడేది. నాకు అదే చాలనిపించింది కొన్నాళ్ళు.

ఇహ దానికి చర్మం తొడగాలి. వెనక జిగురు పూసిన పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము ఉంటుంది, వేడి చేస్తే అతుక్కుంటుంది, ఇంకాస్త వేడి చేస్తే ముడుచుకుని బిగుస్తుంది. ఇస్త్రీ పెట్టెకి పాత నూలు సాక్సు తొడిగి చేయొచ్చు. చదునైన చోట సులువే. రెక్క కొస దగ్గర వంపు రెండు వైపులకీ తిరుగుతుంది, ఫిల్ము ముడతలు పడుతుంది. వీడియోల్లో వాళ్ళు చెయ్యి అలా తిప్పితే ముడత మాయం. ఎలాగో చూపించరు.

అమ్మ ముప్పై ఏళ్ళు కుట్టింది. మా వీధి జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళినవే, నా ఫీజులూ అందులోంచే వెళ్ళాయి. చూపు ఆనక మూడేళ్ళ కిందట మానేసింది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు బాగానే వచ్చింది కానీ మళ్ళీ మెషిన్ మీద కూర్చోలేదు. "ఇప్పుడంతా బొటిక్కులమ్మా, నా కుట్టు ఎవరిక్కావాలి" అనేది. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా టీవీ, బాల్కనీ, మధ్యాహ్నం నిద్ర. ఆవిడ రోజు ఎలా గడుస్తోందో నేను సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అడగడం, "బానే గడిచింది" అనడం.

ఆవేళ నా వెనకే నిలబడి కాసేపు చూసింది. ఫిల్ముని రెండు వేళ్ళ మధ్య నలిపి, కిటికీ వైపు పెట్టి చూసి, "దీనికి పడుగూ పేకా లేవు, ఐమూల లాగే పన్లేదు" అంది. తర్వాత కత్తెర తీసుకుని వంపు పొడవునా అంగుళానికొక గాటు పెట్టింది, జాకెట్టు మెడకి పట్టీ తిప్పేటప్పుడు పెడతారే, అలాగ. గాట్ల మధ్య ముక్కల్ని ఒక్కొక్కటే ఇస్త్రీ అంచుతో కిందికి మడిచింది. ముడత లేదు! "ఒక పక్కే బిగిస్తే మెలిపడుద్ది, పైనొకసారి, కిందొకసారి" అని మొత్తం రెక్కని అటోసారి ఇటోసారి తిప్పుతూ తనే వేడి పెట్టింది. పుస్తకాలు కూడా ఇదే చెప్తాయి. ఒక పక్క ముందు బిగిస్తే రెక్క మెలితిరిగిపోతుంది, మెలితిరిగిన రెక్క ఒక వైపు ముందు స్టాల్ అయి గిరికీలు కొడుతుంది. పైన పసుపు, కింద ముదురు నీలం. ఆకాశం మీద కింది వైపు ముదురుగా ఉంటేనే కనిపిస్తుందని నేనంటే, రెండూ కలిసే అంచు దగ్గర సన్నటి పైపింగులాగా ఒక ఎర్ర పట్టీ ఆవిడ వేసింది. బరువెందుకమ్మా అన్నాను. రెండు గ్రాములు కూడా లేదు, తూచి చూపించింది.

రెక్క, తోక కలిపి నాలుగు రోజుల పని. మూడో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తోక పూర్తయిపోయి ఉంది. "ఖాళీగా కూర్చోడం ఎందుకని" అంది.

ఎలక్ట్రానిక్స్ గురించి మీకు చెప్పేదేముంది. 9 గ్రాముల సర్వోలు రెండు, వాటికి సెకనుకి యాభైసార్లు ఒక పల్సు. పల్సు పొడవు 1 మిల్లీసెకండైతే ఒక చివర, 2 అయితే ఇంకో చివర, 1.5 అయితే మధ్యలో. రిసీవర్ 2.4 గిగాహెర్ట్జ్. బ్యాటరీ నాలుగు రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్, ముక్కులో ఎలాగూ బరువు కావాలి కాబట్టి. ఒక సాయంత్రంలో అయిపోయింది.

బరువు అన్నాను కదా. గ్లైడర్ రెక్క వెడల్పులో ముందు నుంచి సుమారు మూడో వంతు దగ్గర, ప్లానులో గుర్తు పెట్టిన చోట, రెండు వేళ్ళ మీద నిలబెడితే సమంగా నిలవాలి. ముక్కు బరువెక్కువైతే సోమరిగా ఎగురుతుంది. తోక బరువెక్కువైతే ఒక్కసారే ఎగురుతుంది. తోక పొడుగ్గా, ముక్కు పొట్టిగా ఉంటుంది కాబట్టి తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగుకి అతికించే సీసం ముక్కలు అడిగి తెచ్చుకున్నాను, 45 గ్రాములు పట్టాయి. అంతా కలిపి 800 గ్రాములు. రెక్క వైశాల్యంతో లెక్కేస్తే గంటకి ఇరవై, పాతిక కిలోమీటర్ల వేగంలో హాయిగా తేలాలి. సైకిల్ వేగం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకొస్తాను, ఎందుకు అని. గత ఏడాదిగా ఆఫీసులో నేను రాసే కోడు కన్నా చదివే కోడు ఎక్కువ. మెషిన్ రాస్తుంది, నేను చూసి సరే అంటాను. ఇది ఫిర్యాదు కాదు, చాలా సందర్భాల్లో అది నాకన్నా బాగానే రాస్తుంది. కానీ మొన్న జనవరిలో ఒక బగ్ ముందు ముగ్గురం కూర్చున్నాం. ఆ ఫైల్లో ఒక కండిషన్ ఎందుకుందో ముగ్గురికీ తెలియదు. అది మా ముగ్గురిలో ఎవరి చెయ్యీ పడని ఫైలు. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. తీసేయడానికి భయం, ఉంచడానికీ భయం. చివరికి దాన్ని చుట్టుకుని ఇంకో కండిషన్ రాయించి ఇంటికెళ్ళాం. ఆ రాత్రే ఈ కిట్ ఆర్డర్ చేశాను. ఈ గ్లైడర్‌లో ప్రతి పుల్లా ఎందుకుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అది గొప్పా అంటే గొప్పేం కాదు, ఒక మామూలు వడ్రంగికి అన్నం తిన్నంత సహజమైన సంగతి. నా ఉద్యోగంలో మాత్రం అది రోజురోజుకీ అరుదైపోతోంది.

ఎగరేయడానికి చోటు వెతకడం ఇంకో కథ. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్.. ఎటు చూసినా రన్‌వేలే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ లేకుండా దూరం నుంచి నడిపేది ఏదైనా ఆ లెక్కలోకే వస్తుంది, మోటార్ ఉందా లేదా అని అడగరు. జోన్ల మ్యాపు చూసుకోవడం తప్పదు. చివరికి ఏప్రిల్లో అమ్మని దింపడానికి ఊరెళ్ళినప్పుడు, మినుము తీసేశాక ఖాళీగా ఉన్న మామయ్య పొలంలో ముహూర్తం.

మొదట చేత్తో విసరాలి. గాలికి ఎదురుగా, నేలకి సమాంతరంగా, బల్లెం విసిరినట్టు కాదు, నీళ్ళలోకి పడవ వదిలినట్టు. అది నా చెయ్యి వదిలి, కొంచెం కూడా తల ఎగరేయకుండా, పాతిక మీటర్లు వెళ్ళి పొట్ట మీద ఆనింది. చప్పుడు లేదు. నాకు ఆ నిశ్శబ్దం అలవాటు కావడానికే మూడు విసుర్లు పట్టింది. మా మామయ్య కొడుకు "అక్కా, బ్యాటరీ అయిపోయిందా?" అని అడిగాడు.

తర్వాత రబ్బరు తాడు. ముప్పై మీటర్ల రబ్బరు గొట్టం, దానికి నూట ఇరవై మీటర్ల నైలాను తాడు. ఒక చివర మేకుకి కట్టి, రెండో చివర గ్లైడర్ పొట్ట కింది కొక్కేనికి తగిలించి, వెనక్కి నడుచుకుంటూ పోయి వదిలితే గాలిపటంలా నిట్టనిలువుగా లేస్తుంది. పైన తాడు దానంతటదే ఊడిపోతుంది. గాలి కదలకుండా ఉంటే అక్కణ్ణుంచి మూడు నిమిషాలు, అంతే. మూడు నిమిషాల్లో రెండుసార్లు దింపాను.

మూడోసారి పదకొండు గంటలైంది. కాలువ అవతల నల్లరేగడి దుక్కి మీద రెండు గద్దలు రెక్కాడించకుండా చుట్టూ తిరుగుతున్నాయి. ఎండకి వేడెక్కిన నేల మీంచి గాలి పైకి లేస్తోందని వాటికన్నా బాగా చెప్పే మీటర్ లేదు. గ్లైడర్‌ని అటు తీసుకెళ్ళాను. ఎడమ రెక్క చిన్నగా ఎగిరిపడింది, ఎవరో కింద నుంచి తట్టినట్టు. ఆ వైపుకే తిప్పాను. దిగడం ఆగిపోయింది. తర్వాత లేవడం మొదలైంది. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అది ఒక్కటే గుర్తు పెట్టుకుంటూ చుట్లు కొట్టించాను. గద్దల్లో ఒకటి దీని దగ్గరికొచ్చి చూసి, మనకెందుకులే అన్నట్టు తప్పుకుంది. పద్నాలుగు నిమిషాలు. అమ్మ గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుని, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూస్తోంది. "ఆ ఎర్ర అంచు కనపడతందమ్మాయ్, ఇక్కడికి కనపడతంది!" అని అరిచింది. నాకు కనపడలేదు, నాకు కళ్ళజోడు. ఆవిడకి కొత్త కళ్ళు.

దిగేటప్పుడు గాలి మారింది. ఆఖరి మలుపులో ఒక విసురు వచ్చి కుడి రెక్క కొసని పొలం గట్టుకి తగిలించింది. ఫిల్ము చిరిగి, మూడు రిబ్బులు విరిగాయి. స్పార్ బాగానే ఉంది.

ఆ సాయంత్రం ప్లాను కాగితం మంచం మీద పరిచి, రిబ్బు ఆకారాన్ని మిగిలిన బాల్సా ముక్క మీద గీసి, బ్లేడుతో కోశాను. మూడు రిబ్బులకీ గంటన్నర పట్టింది. అమ్మ బీరువా మీంచి ఇస్త్రీ పెట్టె దింపి, "పసుపు ముక్క మిగిలిందా, లేక నీలమేనా?" అని అడిగింది. పసుపు ఉంది. అతుకు తెలియకుండా వేస్తానంది. తెలియాలనే అన్నాను నేను. వినలేదు.